రూపాయి జెండా

డిసెంబరు ఏడు క్యాలెండర్లో ఎర్ర అంకె కాదు. సెలవు లేదు, పిండివంట లేదు. అయినా బడికెళ్లిన చాలామందికి ఆ రోజు ఎక్కడో ఓ మూల గుర్తుండే ఉంటుంది. మేస్టారు తరగతిలోకి ఒక కవరు పట్టుకొచ్చేవారు. అందులో చిన్న చిన్న కాగితపు జెండాలు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం... మూడు రంగులు, మూడు దళాలకి గుర్తు. రూపాయి తెచ్చినవాడి చొక్కాకి గుండుసూదితో ఒకటి గుచ్చేవారు. తేనివాడు పక్కవాడి జెండా వైపు గుర్రుగా చూసేవాడు. సాయంత్రానికి అది ఊడిపోయి ఏ కాలవ గట్టునో పడుండేది.

ఆ రూపాయి ఎక్కడికెళ్లింది? పిల్లాడు అడగలేదు, మేస్టారు చెప్పలేదు. ఆయనకిచ్చిన జెండాలు అమ్మి లెక్క అప్పజెప్పడమే ఆయన పని. చిత్రమేమిటంటే, ఆ రూపాయి చేరాల్సిన మనిషి ఒక్కోసారి ఆ బడికి నాలుగు వీధుల అవతలే ఉంటాడు. అతనికీ ఆ సంగతి తెలియదు.

సఖినేటిపల్లి కోనసీమకి పడమటి గుమ్మం. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున నరసాపురం, దిగువన అంతర్వేది. ఈ ఊరికి రైలు లేదు. పట్టాలు నరసాపురంలోనే ఆగిపోయాయి. అందుకే ఇక్కడి నుంచి సైన్యంలో చేరిన కుర్రాడు సెలవు మీద ఇంటికి రావాలంటే నరసాపురంలో దిగి, నల్ల ట్రంకు పెట్టెతో మాధవాయిపాలెం రేవుకొచ్చి, పంటు ఎక్కి ఏరు దాటడమే దగ్గర దారి. ఇక్కడ వంతెన మాట దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది.

పంటు దిగిన ఆకుపచ్చ బట్టల మనిషి వెంట పిల్లలు పడతారు. ‘మిలటరీ బాబాయ్ వచ్చేరండోయ్’ అని ఆయనకంటే ముందే కబురు ఇంటికి చేరిపోతుంది. సెలవున్నన్నాళ్లూ ఆయన ఊరికి పెద్ద కొడుకు. రిటైరై వచ్చేశాక మాత్రం ఊరికి ఆయనతో పడే పని ఒక్కటే, కాంటీన్ సీసా. గోదావరి జిల్లాల్లో ఈ నిజం ఒప్పుకోడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

అయితే పింఛనూ కాంటీన్ కార్డూ ఉన్న ఆయన సంగతి వేరు. ఆయనకి నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బు పడుతుంది. 2003 ఏప్రిల్లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉంది. ఆయన పోతే భార్యకి కుటుంబ పింఛను వస్తుంది. అది ఎవరి దయా కాదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. పింఛను భిక్ష కాదు, చేసిన సేవకి రావాల్సిన హక్కు అంది.

రూపాయి జెండా ఆ హక్కు లేనివాళ్ల కోసం.

మామూలు సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే కనీసం పదిహేనేళ్లు కొలువు చేయాలి. లెక్క కుదరకపోతే కుదరనట్టే. చేతిలో ఇంత గ్రాట్యుటీ పెట్టి పంపేస్తారు. యుద్ధం కోసం చేర్చుకుని, యుద్ధం అయిపోయాక పొమ్మన్నవాళ్లు అందరికంటే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలు దాటింది. బలవంతపు భర్తీ లేకుండా అంత సైన్యం ఇంకెక్కడా పోగవలేదని చరిత్రకారులు గొప్పగా రాస్తారు. యుద్ధం ముగిశాక వాళ్లలో అత్యధికుల్ని ఇళ్లకి పంపేశారు. పతకాలిచ్చారు, రైలు టికెట్టిచ్చారు. పింఛను లేదు.

ఇది గోదావరికి దూరపు కథేం కాదు. వశిష్ఠ దాటి పైకెళ్తే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. దాన్ని మిలటరీ మాధవరం అంటేనే గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెబుతారు. ఇంటికో సైనికుడు అనే మాట అక్కడ అతిశయోక్తి కాదు. ఆ ఊరికి పేరొచ్చింది, స్మారకం వచ్చింది, విలేకరులు వచ్చారు. మంచిదే. కానీ ఊరికి ఒకరో ఇద్దరో వెళ్లిన పల్లెలు గోదావరికి రెండు వైపులా ఉన్నాయి. అక్కడ ‘మిలటరీ ఆయన’ ఒంటరి. ఆయన కాగితం చదివి పెట్టడానికి పక్కింట్లో ఇంకో మిలటరీ ఆయన ఉండడు.

ఇలాంటివాళ్లని చూసుకోడానికి ఒక బోర్డు ఉండాలని తెల్లదొరలకే తోచింది. మొదటి యుద్ధం ముగిశాక, 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు పెట్టారు. అదే పేర్లు మార్చుకుంటూ వచ్చి 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. దాని కింద రాష్ట్రానికో బోర్డు, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు. ఇక జెండా సంగతి. స్వాతంత్ర్యానికి ముందు నవంబరు 11న పాపీ పువ్వులమ్మి చందాలు పోగుచేసేవారు. అందులో మనవాళ్లకి దక్కింది తక్కువ. 1949 ఆగస్టులో రక్షణ మంత్రి బల్దేవ్ సింగ్ ఆధ్వర్యంలోని కమిటీ, ఇకమీదట మన సైనికుల కోసం మన జెండా అమ్ముదామని తీర్మానించింది. ఆ ఏడాది నుంచి డిసెంబరు 7 పతాక దినం. 1993లో విడివిడిగా ఉన్న నిధులన్నీ కలిపి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిగా చేశారు.

మేస్టారికిచ్చిన రూపాయి కాకినాడ మీదుగానో హైదరాబాదు మీదుగానో తిరిగి తిరిగి చేరేది ఇలాంటి పద్దుల్లోకే.

ఆ పద్దుల్లోంచి బయటికొచ్చే సాయాల్లో ముఖ్యమైనదానికి ఇంగ్లిషులో ఉన్న పేరు పెన్యూరీ గ్రాంట్. తెలుగులో చెప్పాలంటే కటిక పేదరికపు సాయం. పేరు వింటేనే మనసు చివుక్కుమంటుంది. తుపాకీ మోసిన మనిషి ‘అయ్యా, నేను కటిక పేదవాణ్ని’ అని సంతకం పెడితేగానీ రాని డబ్బు అది. హవల్దారు హోదా వరకు పనిచేసి, పింఛను లేకుండా ఉండి, 65 ఏళ్లు దాటినవాళ్లకి, వాళ్ల వితంతువులకి ఇస్తారు. చాలాకాలం నెలకి వెయ్యి రూపాయలే ఇచ్చారు. 2017లో నాలుగు వేలు చేశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు కదల్లేదు.

ఇక్కడొక లెక్క చూడాలి. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మామూలు వృద్ధాప్య పింఛనే నాలుగు వేలయింది. అంటే సైన్యంలో పనిచేసిన పేదవాడికి దేశం ఇచ్చేదీ, ఏ ఉద్యోగమూ చేయని పేదవాడికి రాష్ట్రం ఇచ్చేదీ సమానమైపోయాయి. ఎవరికీ ఎక్కువివ్వలేదు, అది వేరే మాట. తేడా ఇంకో చోట ఉంది. రాష్ట్రం ఇచ్చేది ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గుమ్మం ముందుకొచ్చి చేతిలో పెడతాడు. సైనికుడిది అలా రాదు.

2025 అక్టోబరులో రక్షణ శాఖ ఈ సాయాల్ని రెట్టింపు చేసింది. కటిక పేదరికపు సాయం ఎనిమిది వేలయింది. ఇద్దరు పిల్లల వరకు చదువుకిచ్చేది నెలకి వెయ్యి నుంచి రెండు వేలకి, కూతురి పెళ్లికో వితంతువు మళ్లీ చేసుకునే పెళ్లికో ఇచ్చేది యాభై వేల నుంచి లక్షకి పెరిగాయి. ఆ ఏడాది నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి ఇవి వర్తిస్తాయన్నారు. ఏటా దాదాపు 257 కోట్ల రూపాయల ఖర్చు. అందులో పతాక నిధి భాగం ఉంది. నెలకి ఎనిమిది వేలంటే కోనసీమలో ఒంటరి ముసలావిడ ఒకరి ముందు చెయ్యి చాపకుండా బియ్యం, బీపీ మాత్రలు, పాలు కొనుక్కుని, మనవడి చేతిలో పండక్కి పది రూపాయలు పెట్టగలదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ పది రూపాయలు పెట్టలేని మామ్మ పడే సిగ్గు ఎంతో ఇళ్లలో అందరికీ తెలుసు.

డబ్బుంది. నిబంధన ఉంది. మనిషి కూడా ఉంది. మధ్యలో లేనిది కాగితం.

సఖినేటిపల్లిలో అలాంటి మామ్మగారు ఒకరు ఉన్నారనుకుందాం. భర్త ఎనిమిదేళ్లు సైన్యంలో చేసి వచ్చేసి, కొబ్బరి దింపు పనికెళ్లి, పోయాడు. ఆవిడ దగ్గర మిగిలినవి ఒక ఫొటో, ఒక పతకం. దరఖాస్తుకి కావలసింది ఆ రెండూ కాదు. డిశ్చార్జి బుక్కు కావాలి. అందులో ఆయన నంబరు, రెజిమెంటు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ఎందుకొచ్చేశాడో కారణం, అన్నీ ఉంటాయి. సైనికుడికి అదే జాతకం.

గోదావరి చివర ఉన్న ఊళ్లలో కాగితం దాచడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరదలో లంకల్లో ఇళ్లే మునిగాయి, పెట్టెలో పుస్తకం ఓ లెక్కా? 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి చెట్లని తలకాయలు విరిచి పారేసింది. ఆ రాత్రి పైకప్పులు లేచిపోయిన ఇళ్లలో ఎవరూ డిశ్చార్జి బుక్కు వెతుక్కోలేదు. చూరులో పెట్టింది చెదలు తినేస్తుంది, ఇనప్పెట్టెలో పెట్టింది ఉప్పుగాలికి తుప్పుతో అతుక్కుపోతుంది.

పోయిన పుస్తకానికి నకలు తెప్పించొచ్చు. రెజిమెంటు రికార్డు ఆఫీసుకి రాయాలి. మద్రాస్ రెజిమెంటు వారైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్లయితే బెంగళూరుకి, ఈఎంఈ అయితే సికింద్రాబాదుకి, ఫిరంగి దళమైతే నాసిక్‌కి, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్‌కి. రాయడానికి మాత్రం ఆయన ఆర్మీ నంబరు తెలియాలి. నంబరు ఉన్నది పోయిన పుస్తకంలోనే! పాత ఉత్తరాల మీద, మనియార్డరు కూపన్ల మీద, ఒక్కోసారి ట్రంకు పెట్టె మూత మీద తెల్ల పెయింటుతో రాసిన అంకెల్లో అది దొరుకుతుంది. పాతసామాన్లవాడికి ఆ పెట్టె వేసేయకుండా ఉంచుకున్నవాళ్లు అదృష్టవంతులు.

పుస్తకం దొరికినా పేరు గొడవ ఒకటుంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, సైన్యం గుమాస్తాకి వెనక. పెళ్లయి వచ్చిన పిల్లని ‘మా ఇంట్లో ఆ పేరుతో పెద్దావిడ ఉంది’ అని అత్తగారు ఇంకో పేరుతో పిలవడం మొదలుపెడతారు. మొగుడు సైన్యంలో రాయించింది పుట్టింటి పేరు. రేషన్ కార్డులో పడింది అత్తింటి పేరు. ఆధార్‌లో పడింది ఫొటో తీసిన కుర్రాడికి వినిపించిన పేరు. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం చేయించాలి. తన మొగుడికి తానే పెళ్లాన్నని డెబ్బై ఏళ్ల వయసులో స్టాంపు కాగితం మీద రాసివ్వడం ఎలా ఉంటుందో, ఆ నిబంధన రాసినవాళ్లు ఓసారి ఆలోచించుంటే బాగుండేది.

తర్వాత ప్రయాణం. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా రోజుల్లో సైనిక సంక్షేమ కార్యాలయమంటే కాకినాడే. సఖినేటిపల్లి నుంచి రాజోలు, అమలాపురం మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. యానాం దగ్గర ఎదుర్లంక వారధి రాకముందు మధ్యలో ఇంకో ఏరు, ఇంకో రేవు. తెల్లారకుండా బయల్దేరితే పదకొండింటికి చేరేవారు. ‘సారు క్యాంపుకెళ్లారు, సోమవారం రండి మామ్మగారూ’ అంటే మళ్లీ అంత దూరమూ వెనక్కి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమైంది. దరఖాస్తులూ ఆన్‌లైనయ్యాయి. బస్సు ఖర్చు తగ్గే మాట నిజమే. బదులుగా నెట్ సెంటరు కుర్రాడి మీద ఆధారపడాలి. స్కాన్ చేసిన కాగితం మసగ్గా ఉందని దరఖాస్తు వెనక్కొస్తే ఆ కబురు చేరేది ఫోనుకి. ఆ ఫోను నంబరు ఎవరిదో, అతను ఇప్పుడు గల్ఫులో ఉన్నాడో ఊళ్లో ఉన్నాడో!

ఇంతా చేశాక తేలే ముక్క ఇంకోటుంది. మాజీ సైనికుడు అన్న మాటకే నిర్వచనం, కొలువు వదిలిన తేదీని బట్టి మారుతుంది. 1987 జులై 1 తర్వాత వచ్చేసినవాళ్లయితే పింఛనుతోనో, ఒప్పుకున్న గడువు పూర్తిచేసుకునో, సర్కారు తనంతట తానే పంపేస్తేనో వచ్చుండాలి. తల్లికి బాగోలేదనో, పొలం తగాదా వచ్చిందనో సొంతంగా అడిగి మధ్యలో వచ్చేసినవాడికి ఆ పేరు దక్కదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ కుటుంబాలదీ ఇలాంటి అయోమయమే. ఊరి కళ్లకి వాళ్లూ మిలటరీ వాళ్లే. కానీ వాళ్లది హోం శాఖ, సైనిక్ బోర్డు తలుపు వాళ్లది కాదు. విధుల్లో ప్రాణం పోగొట్టుకున్న ఆ జవాన్ల కుటుంబాలకి ఎవరైనా నేరుగా డబ్బు పంపేలా 2017లో ‘భారత్ కే వీర్’ మొదలైంది. ఏ తలుపు తట్టాలో ముందే చెప్పే మనిషుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

వేదిక మీద చెక్కు అందుకునే కుటుంబాల సంగతి అందరికీ తెలుసు. 2020 జూన్ 15న గల్వాన్‌లో కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగితే తెలంగాణ ప్రభుత్వం ఐదు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకి గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ ప్రాణమిస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. కన్న కొడుక్కి ఖరీదు కట్టే తూకం ఇంకా పుట్టలేదు. కానీ సరిహద్దులో చావకుండా తిరిగొచ్చి, ముప్పై ఏళ్లు కూలి చేసి, మంచంలో పోయినవాడికి వేదిక ఉండదు. వాడి పెళ్లానికి మంత్రి రాడు. వాడికున్నది ఆ కాగితపు జెండా ఒక్కటే.

మురళీ నాయక్ అగ్నివీరుడు. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో కొలువు నాలుగేళ్లు. నూటికి పాతికమంది వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావాళ్లకి సేవానిధి కింద పదకొండు లక్షల పైచిలుకు చేతికిస్తారు. అందులో సగం వాళ్ల జీతంలోంచి కోసిందే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. విధుల్లో చనిపోతే బీమా, పరిహారం కలిపి పెద్ద మొత్తమే వస్తుంది గానీ, కుటుంబ పింఛను లేదు. నాలుగేళ్లకి బయటికొచ్చేవాళ్లకి పథకం ప్రకటించినప్పటి నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా లేదు. 2022 చివర్లో చేరిన తొలి బృందానికి నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి.

పాతికేళ్లయినా నిండని వయసులో పదకొండు లక్షలంటే సఖినేటిపల్లిలో తల్లిదండ్రులకి మంచి మొత్తమే. అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లవుతుంది. ఆ కుర్రాడికి 65 ఏళ్లొచ్చేది ఎప్పుడో 2070 దగ్గర. 1946లో రైలు టికెట్టిచ్చి పంపేసినవాడికి కనీసం సైనిక్ బోర్డు గుమ్మం ఎక్కే హక్కు మిగిలింది. నిబంధన ఇలాగే ఉంటే వీడికి అదీ ఉండదు. ఏ యుద్ధం తర్వాతో పుట్టిన తలనొప్పిని ఇప్పుడు మన చేతులతోనే మళ్లీ తయారుచేస్తున్నామా అని పార్లమెంటులో అడిగినవాళ్లున్నారు. ఊళ్లలో ఇంకా అడగలేదు. ఊళ్లో వీళ్లంతా ప్రస్తుతానికి పంటు దిగుతున్న కుర్రాళ్లే.

ఈలోగా పాతవాళ్ల కాగితాలు ఎవరో ఒకరు రాసిపెట్టాలి. చాలా ఊళ్లలో ఆ పని చేసేది మళ్లీ రిటైరైన ఓ హవల్దారో, సుబేదారో. ఆయనకి ఏ రెజిమెంటుకి ఎక్కడ రాయాలో తెలుసు, గుమాస్తాతో ఏ భాషలో మాట్లాడాలో తెలుసు. పతాక నిధికిచ్చే చందాకి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు ఉంది. కంపెనీలు సామాజిక బాధ్యత ఖర్చు కింద దాన్ని చూపించుకోవచ్చు. పెద్ద చందాలకి దారులు బాగానే వేశారు. ఇలాంటి సుబేదారు గారికి మాత్రం జిరాక్సు డబ్బులు ఇచ్చే పద్దు ఏదీ కనబడదు. ఆయన తన పింఛనులోంచే పెట్టుకుంటాడు. ‘ఎందుకండీ మీకీ తద్దినం’ అని భార్య విసుక్కుంటుంది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఏ మామ్మగారో ప్లాస్టిక్ సంచిలో పతకమూ ఫొటోా పెట్టుకుని నిలబడితే లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చేదీ ఆవిడే.

‘నంబరు గుర్తుందా మామ్మగారూ?’

‘నంబరంటే తెలీదు బాబూ. పెట్టె మీద ఏవో అంకెలుండేవి. ఆ పెట్టె మా పెద్దాడు నరసాపురం పట్టుకుపోయేడు, బియ్యం పోసుకుంటన్నారు.’

సుబేదారు గారు చెప్పులేసుకుంటారు. తొమ్మిదింటి పంటు ఇంకా కదల్లేదు.